టకాక్స్ లాగిన్: "లోకల్ ఉంది కదా" అనుకునేవాళ్లకు

టకాక్స్ (TACACS+) అంటే స్విచ్‌లు, రౌటర్లలోకి ఎవర్ని రానివ్వాలో ఒక సర్వర్‌ను అడిగి తేల్చుకునే పద్ధతి. 'లోకల్' అంటే ఆ స్విచ్‌లోనే రాసిపెట్టిన యూజర్లు.

అపోహ: లాగిన్ కాన్ఫిగ్ లైన్ చివర 'లోకల్' పెట్టాం కాబట్టి టకాక్స్ రానివ్వకపోయినా లోకల్ యూజర్‌తో లోపలికి వెళ్లొచ్చు.

వాస్తవం: వెళ్లలేరు. సిస్కో ఐఓఎస్‌లో (సిస్కో స్విచ్‌లు, రౌటర్ల ఆపరేటింగ్ సిస్టమ్) 'ఏఏఏ అథెంటికేషన్ లాగిన్ డిఫాల్ట్ గ్రూప్ టకాక్స్+ లోకల్' అంటే, సర్వర్ నుంచి జవాబే రాకపోతే లోకల్ చూడమని. సర్వర్ 'కాదు' అందంటే స్విచ్ ఇంకెవర్నీ అడగదు.

సర్వర్ హైదరాబాద్‌లో, స్విచ్ ములుగులో ఉందనుకోండి. రోడ్డు పనుల్లో జేసీబీ ఫైబర్ తెంపితే లోకల్ యూజర్ పనిచేస్తాడు. లింకు, సర్వర్ రెండూ బాగుండి, వెనకున్న యాక్టివ్ డైరెక్టరీ (ఆఫీసు యూజర్లు, పాస్‌వర్డ్‌లు ఉండే చోటు) ఒక్కటే పడిపోతేనే చిక్కు. అప్పుడు సర్వర్ రిజెక్ట్ పంపితే లోకల్ యూజర్ కూడా బయటే. మీ టకాక్స్ సర్వర్ సిస్కో ఐఎస్ఈ అయితే 'ఇఫ్ ప్రాసెస్ ఫెయిల్' సెట్టింగ్ దగ్గర 'డ్రాప్' ఉందో లేదో చూడండి. డ్రాప్ ఉంటే స్విచ్‌కు జవాబు వెళ్లదు, లోకల్‌కు దిగుతుంది.

దిగడానికీ టైం పడుతుంది. డిఫాల్ట్ టైమవుట్ సర్వర్‌కు 5 సెకన్లు. రెండు సర్వర్లుంటే 10 సెకన్లు ప్రాంప్ట్ కదలదు. హ్యాంగ్ అయిందనుకుని విండో మూసేసేది ఇక్కడే. కమాండ్ ఆథరైజేషన్ (ఎవరు ఏ కమాండ్ నడపొచ్చో సర్వర్‌ను అడగడం) లైన్‌లో 'లోకల్' గానీ 'ఇఫ్-ఆథెంటికేటెడ్' గానీ లేకపోతే మరీ ఘోరం: లాగిన్ అవుతారు, ఒక్క కమాండ్ కూడా నడవదు.

అపోహ: సర్వర్‌కు పింగ్ వెళ్తోందంటే టకాక్స్ కూడా పనిచేసినట్టే.

వాస్తవం: టకాక్స్‌కు టీసీపీ 49 తెరిచి ఉండాలి. సర్వర్ మీ స్విచ్‌ను ఐపీతో గుర్తుపడుతుంది. ట్రాఫిక్ బ్యాకప్ లింకు మీదికి మళ్లితే సోర్స్ ఐపీ మారి, ఎవరో కొత్తవాడనుకుంటుంది. అందుకే సోర్స్ ఇంటర్‌ఫేస్‌గా లూప్‌బ్యాక్ (ఏ లింకుకూ కట్టుబడని, స్విచ్‌లోపలి ఇంటర్‌ఫేస్) పెట్టాలి. స్విచ్‌లో, సర్వర్‌లో ఒకేలా ఉండాల్సిన రహస్య కీని ఎక్సెల్ నుంచి పేస్ట్ చేస్తే చివరి ఖాళీ కూడా కీలో భాగమైపోతుంది. అది కంటికి కనపడదు!

అపోహ: టకాక్స్ ప్యాకెట్ మొత్తం ఎన్‌క్రిప్టెడ్, ఏ దారిన పంపినా ఫర్వాలేదు.

వాస్తవం: హెడర్ తప్ప మిగతాది ఎండీ5 అనే పాత హ్యాష్ పద్ధతితో మరుగుపరుస్తుంది, అంతే. టకాక్స్+ను వివరిస్తూ 2020లో వచ్చిన పత్రం ఆర్‌ఎఫ్‌సీ 8907 కూడా దాన్ని ఎన్‌క్రిప్షన్ అనదు. ఇలాంటి పనే చేసే మరో పద్ధతి రేడియస్‌లో దాగేది ప్రధానంగా పాస్‌వర్డే. రెండింటినీ మేనేజ్‌మెంట్ వీలాన్‌లోనే (పరికరాల నిర్వహణకే విడిగా పెట్టిన నెట్‌వర్క్) ఉంచండి.

మార్పులు చేసేముందు 'రీలోడ్ ఇన్ 10' కొట్టి (మీరే బయటపడిపోయినా, పది నిమిషాలకు రీబూట్ అయి సేవ్ చేసిన పాత కాన్ఫిగ్ వస్తుంది), ఉన్న సెషన్ మూయకుండా రెండోది తెరిచి లాగిన్ చూడండి. ఒక కమాండ్ కూడా నడిచాకే సేవ్ చేయండి. ఆ వెంటనే 'రీలోడ్ క్యాన్సిల్' కొట్టాలి. మరిచిపోతే అంతా సరిగ్గా ఉన్న స్విచ్ పది నిమిషాలకు తనంతట తానే రీబూట్ అవుతుంది.