రాగి దగ్గరే ఎందుకు ఆగారు?

కార్బన్ డయాక్సైడ్‌ను కరెంటుతో ఇంధనంగానో ప్లాస్టిక్ ముడిసరుకుగానో మార్చే పరిశోధనలు ఏవి చూసినా రాగి పేరు తగులుతుంది. ఇళ్లలో వైర్లకీ చెంబులకీ వాడే రాగే. ఇన్ని లోహాలుండగా అదే ఎందుకంటే, కథ జపాన్‌లో మొదలవుతుంది.

కరెంటుతో ఈ వాయువును ఫార్మిక్ ఆమ్లంగా మార్చవచ్చని 19వ శతాబ్దంలోనే తెలుసు. 1980లలో చీబా విశ్వవిద్యాలయంలో యోషియో హోరి బృందం రకరకాల లోహాలను, వాయువు కరిగిన నీటి ద్రావణంలో ముంచి కరెంటు పంపి, వరసగా పరీక్షించింది. బంగారం, వెండి మీద కార్బన్ మోనాక్సైడ్ దాకా వచ్చి ఆగిపోయింది. తగరం, సీసం ఫార్మేట్ (ఫార్మిక్ ఆమ్లపు లవణ రూపం) ఇచ్చాయి. ప్లాటినం, ఇనుము దగ్గర దాదాపు అంతా నీటిలోంచి వచ్చిన హైడ్రోజనే. రాగి మీద మాత్రం ఇంధనమైన మీథేన్, ప్లాస్టిక్ ముడిసరుకైన ఎథిలీన్ పుట్టాయి! మొదటి ఫలితాలు 1985లో అచ్చయ్యాయి.

తేడా అంతా పట్టులో ఉంది. మధ్యలో తయారయ్యే మోనాక్సైడ్‌ను బంగారం, వెండి ఇట్టే వదిలేస్తాయి. ప్లాటినం అసలు వదలదు. రాగి దాన్ని కాసేపు నిలిపి, పక్కదానితో కలవనిస్తుంది. చిక్కు కూడా అక్కడే వచ్చింది. 2012లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు లెక్కపెడితే రాగి మీద 16 రకాల పదార్థాలు తేలాయి. కావలసింది ఒకటైతే, మిగతావన్నీ వేరుచేసుకోవాలి.

హోరి పనిలో నన్ను బాగా ఆకట్టుకున్నది ఇంకొకటి. చాలా ల్యాబుల్లో రాగి అరగంటలోపే మొరాయించి, ఉత్త హైడ్రోజనే ఇచ్చేది. తప్పు రాగిదే అనుకున్నారు. ద్రావణంలో లేశమాత్రంగా ఉన్న ఇనుము, జింకు వచ్చి రాగి మీద పేరుకోవడమే కారణమని హోరి బృందం తేల్చింది. ముందే వేరే ఎలక్ట్రోడ్‌తో కరెంటు పంపి ఆ మలినాలను లాగేస్తే, అదే రాగి చక్కగా పనిచేసింది. ఇంత ఓపిక లేకపోతే ఈ రంగం అప్పుడే మూలపడేది.

తర్వాతి అడ్డంకి నీరు. గది ఉష్ణోగ్రత, మామూలు పీడనం వద్ద లీటరు నీటిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు ఒకటిన్నర గ్రాములే కరుగుతుంది. అందుకని వాయువును సన్నని రంధ్రాలున్న పొర వెనక నుంచి నేరుగా రాగికి అందించే పద్ధతి పట్టుకున్నారు. 2018లో టొరంటో విశ్వవిద్యాలయ బృందం గాఢమైన క్షారంలో, పంపిన కరెంటులో దాదాపు 70 శాతం ఎథిలీన్‌కే చేరేలా చేసి, 150 గంటలు నడిపింది. కానీ ఆ క్షారమే కార్బన్ డయాక్సైడ్‌ను కార్బొనేట్‌గా మింగేస్తుంది. దాంతో 2021లో అదే విశ్వవిద్యాలయం వాళ్లు బలమైన ఆమ్లానికి మారారు. లోపలికి పంపిన వాయువులో 77 శాతం వినియోగమైంది. అయితే ఆమ్లంలో కరెంటును హైడ్రోజన్ తన్నుకుపోయే పోటీ మళ్లీ పెరుగుతుంది. ఇప్పుడు పెనుగులాట దానితోనే.