సీసం పాట్ వేడెక్కడం లేదా? ఎలిమెంట్ మార్చే ముందు చూడాల్సిన అపోహలు, వాస్తవాలు

సీసం పాట్ అంటే సీసాన్ని కరెంటుతో కరిగించే పాత్ర. వలలకు సీసపు గుండ్లు పోసేవాళ్లు, వైండింగ్ షాపుల్లో సోల్డర్ పాట్ వాడేవాళ్లు రిపేరుకి తెచ్చినప్పుడు చెప్పే మాట ఒకటే: "వేడెక్కడం లేదండీ, ఎలిమెంట్ మార్చేయండి." విప్పి చూస్తే చాలా పాట్‌లలో ఎలిమెంట్ బాగానే ఉంటుంది. కరెంటు దాని దాకా సరిగా రాకపోవచ్చు, వచ్చిన వేడి సీసానికి అందకపోవచ్చు, లేదా కంట్రోలర్ (వేడిని చూసి ఎలిమెంట్‌ను ఆన్, ఆఫ్ చేసే పరికరం) తప్పు అంకె చూపిస్తూ ఉండవచ్చు. ఈ మూడింట్లో ఏదో తేలకుండా విడిభాగాలు కొనకండి.

అపోహ: మెల్లగా వేడెక్కుతోందంటే ఎలిమెంట్ వీక్ అయిపోయింది.

ఎలిమెంట్‌లోని నిక్రోమ్ తీగ తెగితే వేడి పూర్తిగా ఆగిపోతుంది. తెగనంత కాలం దాదాపు తన వాట్లు తాను ఇస్తూనే ఉంటుంది. పాతబడి సగం శక్తికి పడిపోవడం మామూలుగా జరగదు. ప్లగ్ తీసి, పాట్ పూర్తిగా చల్లారాక, ఎలిమెంట్ వైరు ఒకటి విప్పి మల్టీమీటర్‌తో ఓమ్స్ చూడండి. 230 వోల్టుల ఎలిమెంట్ 500 వాట్లదైతే సుమారు 106, 1000 వాట్లదైతే సుమారు 53 రావాలి. నిక్రోమ్ నిరోధకత వేడికి పెద్దగా మారదు కాబట్టి చల్లగా ఉన్నప్పటి రీడింగ్‌నే నమ్మవచ్చు. రావాల్సినదానికి రెట్టింపు వస్తే, బహుశా లోపల ప్యారలల్‌గా ఉన్న రెండు ఎలిమెంట్లలో ఒకటి పోయి ఉంటుంది.

అంకె సరిగ్గా ఉంటే చూపు టెర్మినల్స్ (ఎలిమెంట్‌కు వైర్లు బిగించే చోట్లు) మీదికి మళ్లాలి. నాకు ఎక్కువగా దొరికే లోపం అక్కడే. రోజూ కాగి చల్లారడంతో నట్టు వదులవుతుంది, లగ్గు (వైరు చివర ఉండే లోహపు బిళ్ల) నల్లబడుతుంది. ఆ జాయింటే వేడెక్కి, ఎలిమెంట్‌కు అందాల్సిన వోల్టేజిని అది తినేస్తుంది. "టెస్టర్ వెలిగింది కదా, సప్లై వస్తోంది" అంటారు. టెస్టర్ వెలగడానికి అతి తక్కువ కరెంటు చాలు, చెడిపోయిన జాయింట్ గుండా కూడా అది వెలుగుతుంది. క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే మీటర్) వేస్తే అసలు సంగతి తెలుస్తుంది: 1000 వాట్ల పాట్ 230 వోల్టుల దగ్గర 4.3 ఆంపియర్లకు దగ్గరగా లాగాలి. లగ్గు మార్చేటప్పుడు దాన్ని సోల్డర్ చేయకండి. 63/37 సోల్డర్ (63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం) 183 డిగ్రీలకే కరుగుతుంది, ఆ చోటు అంతకన్నా వేడెక్కగలదు. గట్టిగా క్రింప్ చేసి (నొక్కి బిగించి), పింగాణీ కనెక్టర్, గ్లాస్ ఫైబర్ స్లీవ్ ఉన్న వైరు వాడండి. పీవీసీ వైరు అక్కడ పనికిరాదు. వదులైన ప్లగ్, సాకెట్ కూడా ఇదే ఇబ్బంది పెడతాయి. కాసేపు నడిచాక ఆపి, ప్లగ్ పైభాగం ముట్టుకుంటే కాలుతోందా? లోపం అక్కడే ఉంది.

అపోహ: వోల్టేజి కొంచెం తగ్గితే వేడి కూడా కొంచెమే తగ్గుతుంది.

వాట్లు వోల్టేజి వర్గాన్ని బట్టి మారతాయి. 230 రావాల్సిన చోట 190 వస్తే 1000 వాట్ల ఎలిమెంట్ ఇచ్చేది దాదాపు 680 వాట్లే. ఊరి చివర లైన్ మీద ఉన్నవాళ్లకు సాయంత్రం పూట పాట్ ఎక్కకపోతే ముందు పాట్ ఆన్‌లో ఉండగానే సాకెట్ దగ్గర వోల్టేజి చూడాలి.

అపోహ: నాబ్ చివరిదాకా తిప్పితే తొందరగా కరుగుతుంది.

థర్మోస్టాట్ ఎలిమెంట్‌ను ఆన్, ఆఫ్ చేస్తుంది అంతే, దాని శక్తిని పెంచదు. లెక్క చూడండి. 5 కిలోల సీసాన్ని 30 నుంచి 327 డిగ్రీలకు తేవడానికి సుమారు 190 కిలోజౌళ్లు కావాలి. ఆ తర్వాత అదే ఉష్ణోగ్రత దగ్గర ఘనం ద్రవం కావడానికి ఇంకో 120 దాకా పడుతుంది. 500 వాట్ల ఎలిమెంట్ ఒక్క జౌలు కూడా వృథా చేయకపోయినా పది నిమిషాలు దాటుతుంది. గాలికి పోయే వేడి కలిపితే దానికి రెట్టింపు సమయం పట్టడం లోపం కాదు. అంకె 327 దగ్గర ఆగిపోయిందని కంగారు పడేది ఈ కరిగే దశలోనే. ముద్దలు పాట్ గోడను అక్కడక్కడే తాకుతాయి కాబట్టి వేడి వాటిలోకి నెమ్మదిగా వెళ్తుంది. పని అయ్యాక అడుగున రెండు వేళ్ల ఎత్తు సీసం వదిలేయండి. మరుసటి రోజు అది ముందు కరిగి, కొత్త ముద్దలకు అన్ని వైపుల నుంచీ వేడి అందిస్తుంది. వేసే ముద్ద మాత్రం పూర్తిగా పొడిగా ఉండాలి. కరిగిన సీసం కిందికి తడి పోతే నీరు ఒక్కసారిగా ఆవిరై సీసాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది.

అపోహ: సీసం జావలా చిక్కగా ఉందంటే వేడి చాలడం లేదు.

తుక్కు సీసంతో ఇది జింక్ పని కావచ్చు. కారు చక్రాల బ్యాలెన్సింగ్ ముక్కల్లో సీసంవీ ఉంటాయి, జింక్‌వీ ఉంటాయి. జింక్ కరిగేది 419.5 డిగ్రీలకు. 350 దగ్గర అది తేలికగా పైకి తేలుతుంది, గరిటతో తీసేయవచ్చు. వేడి చాలలేదనుకుని పెంచితే కరిగి కలిసిపోతుంది, ఆ సరుకు అచ్చులో సరిగా నిండదు. పాత బ్యాటరీ ప్లేట్లు మాత్రం అసలు వేయకండి. వాటిలో యాసిడ్‌తో పాటు ఆంటిమొనీ, ఆర్సెనిక్ కూడా ఉండవచ్చు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం అవి రిజిస్టర్డ్ రీసైక్లర్లకు చేరాలి.

గోడలకు పట్టిన ఆక్సైడ్ పొర, అడుగున పేరుకున్న మడ్డి కూడా వేడిని లోపలికి పోనివ్వవు. చల్లారిన పాట్‌ను పొడిగా గీకి దుమ్ము లేపకండి. సీసం ఒంట్లోకి చేరే పెద్ద దారి ఆ దుమ్మే, కంటికి కనిపించే పొగ కాదు. తడిగుడ్డతో తుడవండి, పాట్‌ను తిరిగి వాడేముందు బాగా ఆరబెట్టండి. పని చేసిన బట్టలతో పిల్లల దగ్గరికి వెళ్లకండి. పిల్లల రక్తంలో సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదు.

అపోహ: డిజిటల్ కంట్రోలర్ చూపించే అంకె ఎప్పుడూ తప్పు కాదు.

కంట్రోలర్‌కు థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగల జత) ఏ టైపో చెప్పాలి. జె టైపు పెట్టి సెట్టింగ్‌లో కె అని ఉంచితే, సీసం 350 దగ్గర ఉన్నా డిస్‌ప్లే సుమారు 460 చూపిస్తుంది. కంట్రోలర్ వేడి ఎక్కువైందని ఆపేస్తుంది, మీరు ఎలిమెంట్‌ను అనుమానిస్తారు. పాట్ కాగుతుంటే అంకె తగ్గుతోందంటే థర్మోకపుల్ వైర్లు తిరగబడ్డాయి. ఇది వెంటనే ఆపాల్సిన విషయం, ఎందుకంటే కంట్రోలర్ హీట్ ఇస్తూనే ఉంటుంది.

అపోహ: వానాకాలంలో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) ఊరికే పడిపోతుంది, ఎర్త్ తీసేస్తే సరి.

ఇది ప్రాణం తీసే సలహా. గొట్టం ఎలిమెంట్‌లో తీగ చుట్టూ ఉండే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి చెమ్మను పీల్చుకుంటుంది. కొన్నాళ్లు వాడకుండా ఉంచిన పాట్‌లో అలా లీకేజీ వస్తుంది. చేతిలో ఇనుప గరిట, ఎదురుగా లోహపు పాట్, పైగా ఎర్త్ లేదు! ఎలిమెంట్ విప్పి 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్) చూడండి. రీడింగ్ ఒక మెగాఓమ్ దాటకపోతే అప్పుడు మార్చండి.

అపోహ: అమెరికా పాట్‌కు ప్లగ్ అడాప్టర్ చాలు.

120 వోల్టుల 500 వాట్ల పాట్‌ను 230కి పెడితే 1800 వాట్లు దాటి లాగుతుంది, ఎలిమెంట్ కాలిపోతుంది. దానికి కనీసం 750 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఇక్కడి 1000 వాట్ల పాట్‌ను అక్కడి 120 వోల్టులకు పెడితే వచ్చేది 270 వాట్లే, సీసం నిండా ఉంటే అది కరిగే అవకాశం తక్కువ.