బొమ్మలు రాకపోతే ఆర్కిటెక్చర్ వద్దా? అపోహలు, వాస్తవాలు

“మా పాపకి లెక్కలంటే ఇష్టమే, ఇళ్ల గురించి తెగ ఆలోచిస్తుంది. కానీ బొమ్మలు రావండీ. ఆర్కిటెక్చర్ మానేయమంటారా?” విశాఖలో హైస్కూలు, ఇంటర్ పిల్లలకు డిజైన్ వర్క్‌షాపులు పెట్టేవాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. అడిగే తల్లి గొంతులో బెంగ తెలుస్తూనే ఉంటుంది. ఆ బెంగ పెట్టింది మాత్రం ఎవరో చుట్టం, ఎప్పుడో అనేసిన మాట. ఆ ఒక్క మాటకే పదిహేనేళ్ల వయసులో ఆశ వదులుకునే పిల్లలున్నారు. మిగతా అపోహల సంగతి తర్వాత, ముందు దీన్ని తేల్చుకుందాం.

అపోహ: చెయ్యి తిరిగిన బొమ్మలు వేసేవాళ్లకే ఆర్కిటెక్చర్.

వాస్తవం: కావలసింది కొలత మీద పట్టు. గదిలో అడుగు పెట్టగానే ఇది పదడుగులా పన్నెండా అని అంచనా కట్టగలగాలి. కాగితం మీద గీత చూసి, దాని పక్కన మనిషి నిలబడితే ఎక్కడిదాకా వస్తాడో ఊహించగలగాలి. ప్లాను (ఇంటిని పైనుంచి చూసినట్టు), సెక్షను (నిలువునా కోసి చూసినట్టు) స్కేలుతో గీస్తారు, అది సాధనతో వస్తుంది. ఫ్రీహ్యాండ్ స్కెచింగ్ కాలేజీలో మొదటి ఏడాదే నేర్పిస్తారు. సినిమా హీరో ముఖాన్ని అచ్చు గుద్దినట్టు వేసే పిల్లాడికి మెట్లు ఎక్కడ మొదలై ఎక్కడ తేలతాయో దానంతట అది తెలిసిపోదు. కొలత అలవడాలంటే టేపు పట్టి కొలవాలి, అట్ట కోయాలి.

మొదలుపెట్టడానికి పిల్లలు పడుకునే గది చాలు. మూడు ఆదివారాలు, రోజుకి రెండు గంటలు. మొదటివారం కొలతలు, రెండోవారం అట్టతో ఆ గది మోడల్, మూడోవారం మార్పులు.

కొలతలకు అయిదు మీటర్ల స్టీలు టేపు తీసుకోండి. ముందు గది ఆకారం నోట్‌బుక్‌లో చేత్తో గీసుకుని, ఆ తర్వాతే కొలవాలి. ప్రతి అంకెనీ సెంటీమీటర్లలోనే రాయాలి. సగం అంగుళాలు, సగం సెంటీమీటర్లు కలిపేయడం పిల్లలు ఎక్కువగా చేసే తప్పు. రెండో తప్పు ముక్కలుగా కొలవడం: మూల నుంచి కిటికీ దాకా ఒకసారి, కిటికీ వెడల్పు ఇంకోసారి, అక్కణ్ణించి అవతలి మూలకి మరోసారి. ప్రతిసారీ అర సెంటీమీటరు తేడా వచ్చినా చివరికి గోడ పొడవు సరిపోదు. టేపు మొదటి కొసని మూలలోనే ఉంచి, వరసగా అంకెలు చదువుకుంటూ పోవాలి. నాలుగు గోడలూ అయ్యాక ఐమూలగా రెండుసార్లు కొలవాలి. ఆ రెండూ సమానం కాకపోతే గది మూలమట్టానికి లేదన్నమాట. పాత ఫ్లాట్లలో ఇది మామూలే, పిల్లలు తమ కొలతే తప్పనుకుని కంగారుపడతారు. కిటికీ కింది అంచు ఎత్తు, పై అంచు ఎత్తు, తలుపు వెడల్పు, గోడ మందం కూడా మరచిపోకూడదు.

మోడల్‌కి 1:20 స్కేలు బాగుంటుంది, అంటే నిజం గదిలో 20 సెంటీమీటర్లు మోడల్‌లో ఒకటి. పది బై పన్నెండు అడుగుల గది, అంటే 305 బై 366 సెంటీమీటర్లు, మోడల్‌లో 15.2 బై 18.3 సెంటీమీటర్లవుతుంది. 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు (మధ్యలో నురుగు పొర ఉన్న అట్ట) ఈ స్కేలులో పది సెంటీమీటర్ల గోడ కింద లెక్క, మన నాలుగున్నర అంగుళాల గోడకి దగ్గర. తొమ్మిదంగుళాల బయటి గోడకి రెండు పొరలు అతికించాలి. ఫోమ్ బోర్డు దొరకకపోతే టీవీ అట్టపెట్టె చాలు.

దాదాపు ప్రతి పిల్లా దెబ్బతినేది మూలల దగ్గరే. నాలుగు గోడలూ లోపలి కొలతకే కోసేస్తారు. అతికించాక గది ఒకవైపు సెంటీమీటరు తగ్గుతుంది, నేలముక్క లోపల పట్టదు. రెండు గోడలు 18.3కే కోసి, మిగతా రెండిటికీ అటూ ఇటూ బోర్డు మందం కలిపి 16.2 కోయాలి. “సెంటీమీటరేగా” అంటారు. నిజం గదిలో అది 20 సెంటీమీటర్లు, అంటే ఎనిమిది అంగుళాలు. ఆ తగ్గుదలకి మంచం పట్టదని తెలిసినప్పుడు స్కేలు అంటే ఏమిటో పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కిటికీలు, తలుపులు గోడ అతికించక ముందే కోయాలి. కట్టర్‌ని ఒకేసారి గట్టిగా నొక్కితే బోర్డు చిరుగుతుంది, చెయ్యి కూడా జారుతుంది. స్టీలు స్కేలు ఆనించి, మూడు నాలుగుసార్లు తేలిగ్గా లాగాలి. ప్లాస్టిక్ స్కేలు వద్దు, బ్లేడు దాన్నే కోసుకుంటూ వేళ్ల మీదికి వస్తుంది. మొద్దుబారిన బ్లేడు కొన వెంటనే విరిచేయాలి, ఆ ముక్కలు డబ్బాలో వేయాలి. ఫెవికాల్ సన్నటి గీతలా రాయాలి. ఎక్కువైతే తడికి బోర్డు వంకర తిరుగుతుంది. థర్మోకోల్‌కి ఫెవిబాండ్ లాంటి జిగురు అసలు తగలనివ్వకండి, కరిగిపోతుంది.

గోడలు నిలబడ్డాక అట్టతో మనిషిని కోసి లోపల పెట్టాలి. 165 సెంటీమీటర్ల మనిషి 8.2 సెంటీమీటర్లు వస్తాడు. బీరువా, మంచం కూడా కొలతకే చేసి పెట్టాలి. మంచానికీ బీరువాకీ మధ్య మోడల్‌లో నాలుగు సెంటీమీటర్లు మిగలకపోతే తలుపు తెరిచి ముందు నిలబడటం కష్టం. ఇక్కడి నుంచి పిల్లలు ఆగరు. మంచం తిప్పుతారు, కిటికీ జరుపుతారు. డిజైన్ మొదలయ్యేది ఈ జరపడంలోనే.

ఆ తర్వాత ఎండ. విశాఖ సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మే రెండో వారంలోనూ, ఆగస్టు మొదట్లోనూ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఈ రెంటి మధ్య కాలంలో కాస్త ఉత్తరానికి జరుగుతాడు. గది చీకటి చేసి, ఫోన్ టార్చిని మోడల్‌కి మీటరుకి తగ్గకుండా దూరంలో ఆ కోణాల్లో పట్టుకోవాలి. దక్షిణం కిటికీ మీద రెండడుగుల సన్‌షేడ్ చాలావరకు ఎండ ఆపుతుంది. పడమటి కిటికీ దగ్గర నాలుగింటి ఎండ అదే సన్‌షేడ్ కిందనుంచి దూరి మంచం దాకా వస్తుంది. పడమటి గది రాత్రి పదింటికి కూడా ఎందుకు ఉడికిస్తుందో అప్పుడు తెలుస్తుంది.

దీనికి బొమ్మలెక్కడ అడ్డొచ్చాయి?

పిల్లల కొలతజ్ఞానం పెరగాలంటే బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం మంచి చోటు. 91 మీటర్ల పొడవున్న ఓడలో మనుషులు రోజుల తరబడి బతికిన జాగాలు అవి. నడిచే దారి మీ భుజాలకంటే ఎంత ఎక్కువ, బంకు మీ పొడవుకి సరిపోతుందా అని జానలతో కొలిచి రాసుకోమనండి. ఇంట్లో అయితే వంటగట్టు. సౌకర్యమైన గట్టు మోచేతికి నాలుగు నుంచి ఆరంగుళాలు కిందుండాలి. అమ్మ మోచేతి ఎత్తు, గట్టు ఎత్తు కొలిస్తే, ఆవిడ నడుంనొప్పికి ఒక కారణం బయటపడవచ్చు.

అపోహ: గాలి తోస్తుంది కాబట్టే పైకప్పులు పోతాయి, బరువు పెడితే చాలు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరిది, పిల్లలు తప్పకుండా అడుగుతారు. కప్పు మీదుగా గాలి వేగంగా పోయినప్పుడు, ముఖ్యంగా అంచుల దగ్గర, అది రేకుని పైకి లాగుతుంది. మోడల్ మీద పల్చటి అట్ట ఊరికే పెట్టి హెయిర్ డ్రయ్యర్‌ని పక్కనుంచి పెడితే అంచు లేస్తుంది. మధ్యలో బరువు పెట్టినా అంచు లేస్తుంది. అంచుల్ని కిందికి కట్టాలి.

అపోహ: మోడల్ నీటుగా ఉండాలి, కాబట్టి పెద్దవాళ్లు ఓ చెయ్యి వేయాలి.

వద్దు. దయచేసి వద్దు. వంకర గోడని నాన్న సరిచేసిన క్షణం నుంచి అది నాన్న మోడల్. బజారులో కొన్న చిన్న చెట్లు, గడ్డి షీటు అతికిస్తే తప్పులు కనపడకుండా పోతాయి, అంతే. రెండంతస్తుల ఇంటి మోడల్‌లో మెట్ల లెక్కే చూడండి. పదడుగుల అంతస్తుకి ఆరంగుళాల మెట్టు చొప్పున ఇరవై మెట్లు. పదంగుళాల వెడల్పున ఒకే వరసలో పెడితే దాదాపు పదహారడుగులు పోతుంది. పిల్లలు ఆరడుగులు వదులుతారు, మెట్లు సగంలో గోడకి కొట్టుకుంటాయి. కొట్టుకోనివ్వండి. మధ్యలో ల్యాండింగ్ పెట్టి వెనక్కి తిప్పాలని వాళ్లే కనిపెడతారు. కట్టర్ దగ్గర మాత్రం పక్కనే ఉండండి.

ఇక మిగతావి. సాఫ్ట్‌వేర్ ముందే నేర్చుకుంటే ముందుంటారా? తెరమీద ఎంతైనా జూమ్ అవుతుంది, కొలత మనసుకి పట్టదు. అట్ట తర్వాతే స్కెచప్. సివిల్, ఆర్కిటెక్చర్ ఒకటేనా? కాదు. ఆర్కిటెక్చర్ డిగ్రీ బీఆర్క్ అయిదేళ్లు, 1972 నాటి ఆర్కిటెక్ట్స్ యాక్ట్ ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయినవాళ్లే ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోవాలి. మన ఊళ్లోనే ఆంధ్రా యూనివర్సిటీలోనూ గీతంలోనూ ఆ కోర్సు ఉంది.

“మరి ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటాలో డ్రాయింగ్ పరీక్ష ఉందిగా” అంటారు, ఉంది. 2025 పద్ధతిలో 200 మార్కులకి 80 ఆ భాగానివి. అందులో ఒక్క విభాగంగా ఎక్కువ మార్కులు, 30, ఇచ్చిన కిట్‌తో చేసే త్రీడీ కంపోజిషన్‌కే. అట్ట కోసి నిలబెట్టిన పిల్లలకు అది కొత్తగా ఉండదు. మిగతా 50కి స్కెచింగ్, రంగుల సాధన చేయాల్సిందే, కానీ అది చేస్తే వచ్చే పని.

తల్లిదండ్రులు నిజంగా జాగ్రత్తపడాల్సింది లెక్కల విషయంలో. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి. మ్యాథ్స్‌తో చేసిన పాలిటెక్నిక్ డిప్లొమా అయినా పరవాలేదు. మ్యాథ్స్ లేకుండా బైపీసీలో చేరిపోయి, రెండో ఏడాదిలో ఆర్కిటెక్చర్ మీద మనసుపడితే దారి మూసుకుపోతుంది. అందుకే ఈ గది కొలతల పనేదో తొమ్మిదో తరగతి సెలవుల్లోనే చేయించండి. పదో తరగతి తర్వాత గ్రూపు ఎంచుకునేటప్పటికి పిల్లలకీ మీకూ చేతిలో ఒక ఆధారం ఉంటుంది.