చాలు తప్పిన మెదడు

తుంటి ఎముక విరిగిన పెద్దావిడకు ఆపరేషన్ బాగానే అయింది. రెండో రాత్రి దుప్పటి మీద లేని దారప్పోగులు ఏరడం మొదలుపెట్టింది. కొడుకుని తమ్ముడి పేరుతో పిలిచి, "గేదెను కట్టేశావా?" అంది. పొద్దున మామూలుగా కాఫీ అడిగింది. దీపాలు పెట్టే వేళకు మళ్లీ గేదె. ఇలాంటిది చాలా ఇళ్లలో జరుగుతుంది. "వయసు కదా, మతి తప్పింది" అని సరిపెట్టుకుంటారు.

పెద్దలు సంధి ప్రేలాపన అన్నది దీన్నే. డాక్టర్లు డెలీరియం అంటారు. ఆ మాట పుట్టిన లాటిన్‌లో దానర్థం నాగలి చాలు తప్పడం! డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఏళ్ల తరబడి ముదురుతుంది. ఇది గంటల్లో, రోజుల్లో దిగుతుంది, పూటకో రకంగా ఉంటుంది. ముందు చెడేది ధ్యాస. వారాల పేర్లు వెనక్కి చెప్పమంటే మధ్యలోనే తప్పిపోతారు.

కారణం చాలాసార్లు తలలో ఉండదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, నిమ్ము, సోడియం పడిపోవడం, నొప్పి, ఆఖరికి మలబద్ధకం కూడా చాలు. జలుబు మాత్రల్లోని క్లోర్‌ఫెనిరమిన్, మెదడుకు కావలసిన రసాయనం ఎసిటైల్‌కొలిన్‌కు అడ్డుపడుతుంది. గొడవ చేస్తున్నారని ఇచ్చే కొన్ని నిద్రమాత్రలు గందరగోళాన్ని పెంచుతాయి.

అరిచేవాళ్ల సంగతి నయం, ఎవరో ఒకరు పట్టించుకుంటారు. మగతగా, ఉలుకూ పలుకూ లేకుండా పడుకున్నవాళ్లదీ డెలీరియమే కావచ్చు. "పాపం, విశ్రాంతి తీసుకుంటున్నారు" అని వదిలేస్తాం.

జబ్బు తగ్గితే ఇదీ పోతుందని చాలాకాలం అనుకున్నారు. 2009లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఆసుపత్రిలో డెలీరియం వచ్చిన వృద్ధుల్లో దాదాపు 45 శాతం మందికి ఇంటికి వెళ్లేనాటికీ అది పోలేదు. ఆరు నెలలకు కూడా 21 శాతం మందిలో మిగిలే ఉంది.

రాకుండా చూడటమే తేలిక. అమెరికాలో యేల్ పరిశోధకులు 70 ఏళ్లు, ఆపైబడ్డ 852 మంది మీద చేసిన అధ్యయనం 1999లో వచ్చింది. నీళ్లు తాగించడం, నడిపించడం, మాత్రల్లేకుండా నిద్రపుచ్చడం, కళ్లజోడు, వినికిడి మిషను అందించడం, ఇలాంటివే. డెలీరియం 15 శాతం నుంచి 9.9కి తగ్గింది. ఒకసారి వచ్చాక మాత్రం దాని తీవ్రతను ఇవేవీ తగ్గించలేకపోయాయి.

ఆ పెద్దావిడ కళ్లజోడు, వినికిడి మిషను, పళ్లసెట్టు ఆపరేషన్‌కు ముందే కవర్లో కట్టి కొడుకు చేతికిచ్చారు. పోతాయేమోనని అతను వాటిని ఇంట్లో బీరువాలో దాచాడు.