జిన్నింగు మిల్లు ఏ డబ్బాలోకి వస్తుంది?

ఆదోని

కడపలో ఉన్న నా మనవరాలికి, మనవడికి,

పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లును ప్రాజెక్టులో వ్యవసాయం కింద రాయాలా, పరిశ్రమ కింద రాయాలా అని అడిగారు. చాలా మంచి ప్రశ్న.

మీ అవ్వ వంటింటి గూట్లో పప్పుల డబ్బా, చిరుతిండి డబ్బా చూశారు కదా. పచ్చి శెనగవిత్తనాలు మొదటిదాంట్లో, వేయించినవి రెండోదాంట్లో ఉంటాయి. నెలాఖరున డబ్బాలు చూసే సరుకుల చీటీ రాస్తుంది. ఒక నెల మీ పిన్ని వచ్చి, పచ్చివి కూడా చిరుతిండి డబ్బాలో పోసిందనుకోండి. పప్పులు తగ్గినట్టు, చిరుతిండి పెరిగినట్టు కనిపిస్తుంది. నిజానికి ఎవరూ ఒక్క గింజ ఎక్కువ తినలేదు. అది చూసి మీ అవ్వ మిమ్మల్ని కేకలేస్తే అన్యాయం కదా?

దేశం లెక్కలకూ ఇలాంటి డబ్బాలున్నాయి. దాన్ని జాతీయ పారిశ్రామిక వర్గీకరణ అంటారు. ప్రతి పనికీ ఒక నంబరు. 1987 జాబితాలో పత్తి నుంచి గింజ తీసే పని నూలు బట్టల తయారీలో ఉండేది. 1998 జాబితాలో వ్యవసాయంలోకి వచ్చింది. 2008 జాబితాలో దాని నంబరు 01632, పంట కోశాక చేసే పనుల్లో ఒకటి. మిషన్లు అవే, కూలీలూ వాళ్లే. పైగా ఫ్యాక్టరీల వార్షిక సర్వేలో ఈ మిల్లులనూ లెక్కపెడతారు!

మా చిన్నప్పుడు పత్తి సీజన్ వస్తే ఎద్దులబండ్లు బారులు తీరేవి. మిల్లులో కుప్పల మీద దూకి, తలనిండా దూదితో ఇంటికి పోతే మా అమ్మ వీపు మీద రెండు వేసేది. క్వింటాలు పత్తిలో మూడో వంతు దూది, మిగతాది చాలావరకు గింజే. దూదిని 170 కిలోల బేళ్లుగా నొక్కుతారు. అది స్పిన్నింగు మిల్లుకు పోతే బట్టల తయారీ. గింజ నూనెమిల్లుకు పోతే ఆహార పదార్థాల తయారీ. ఒకే కాయలోంచి వచ్చినవి ఎన్ని దారులు పట్టాయో చూడండి.

మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ సంగతి ఇంకా ముఖ్యం. జీతం మిల్లే ఇస్తే అతను మిల్లు లెక్కలో ఉంటాడు. ఏజెన్సీ పంపితే సేవల రంగంలోకి పోవచ్చు. అదే కుర్చీ, అదే కర్ర. ఇలా చాలాచోట్ల జరిగితే ‘ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు తగ్గాయి, సేవల్లో పెరిగాయి’ అని పేపర్లో వస్తుంది. అలాంటి వార్త చదివినప్పుడు నిజంగా పని మారిందా, డబ్బా మారిందా అని అడగండి. మనిషి కష్టాన్ని ఎక్కడ రాశారో చూడకుండా తీర్పు చెప్పకూడదు.

ప్రాజెక్టులో వ్యవసాయం అనే రాయండి, పక్కన ‘2008 జాబితా ప్రకారం’ అని చేర్చండి. ఆదివారం మీ వీధిలో తెలిసిన దుకాణాలకు వెళ్లి, చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ ఉందా అని మర్యాదగా అడగండి. అందులో ఈ నంబరు ఉంటుంది. కడప బండలు పాలిష్ చేసే చోటికీ వెళ్లండి. బండను గనిలోంచి తీయడానికి ఒక నంబరు, కోసి నునుపు చేయడానికి ఇంకో నంబరు. రెండూ రాసి నాకు పంపండి.

మీ తాత