"కల్చర్ క్లాసు ఎందుకు మేడమ్, గ్రామర్ చెప్పండి": జర్మన్ నేర్చుకునేవాళ్ళ అపోహలు - వాస్తవాలు

పోయిన వారం జగిత్యాల నుంచి ఒక నాన్నగారు ఫోన్ చేశారు. వాళ్ళమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చేసి, నా దగ్గర బి1 బ్యాచ్‌లో చదువుతోంది (జర్మన్ స్థాయిలు ఏ1, ఏ2, బి1, బి2 అని వరసగా పైకి వెళ్తాయి). "ఏమీ అనుకోకండి మేడమ్. వారానికి రెండు రోజులు కల్చర్ క్లాసు పెడుతున్నారట కదా. ఆ టైంలో కూడా గ్రామరే చెప్తే మా పాప తొందరగా పరీక్ష రాసేస్తుంది. అప్పు చేసి చదివిస్తున్నాం" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఈ నెలలో ఇలాంటి ఫోన్ ఇది మూడోది.

హైదరాబాద్‌లో 14 ఏళ్ళుగా జర్మన్ చెప్తున్నాను. మొదట్లో నా దగ్గరికి ఎంఎస్‌కి వెళ్ళే ఇంజనీరింగ్ పిల్లలే వచ్చేవారు. ఇప్పుడు సగానికి సగం నర్సులే. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకు జర్మన్ నేర్పించి పంపుతోంది. అంటే ఈ భాష మీద ఇప్పుడు చాలా ఇళ్ళ ఆశలు ఉన్నాయి. అందుకే ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేది ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: ముందు సర్టిఫికెట్ తెచ్చుకుందాం. కల్చర్ అక్కడికెళ్తే అదే వస్తుంది.

ఎక్కువ మందిని ముంచుతున్నది ఇదే. కాబట్టి దీని గురించే ఎక్కువ చెప్తాను.

అక్కడికెళ్తే అదే రాదు. మీరు "డెర్" అనాల్సిన చోట "డీ" అంటే (రెండూ ఇంగ్లిష్ "ది" లాంటివే) ఎదుటివాళ్ళు పట్టించుకోరు. పరాయి దేశం మనిషి, ఇంకా నేర్చుకుంటోంది అని సర్దుకుంటారు. కానీ గ్రామర్ అంతా సరిగ్గా ఉండి, అనకూడని మాట అన్నారనుకోండి, అది భాషలో తప్పుగా వాళ్ళకి కనిపించదు. ఈ మనిషి తీరే ఇంత అనుకుంటారు. భాష బాగా వచ్చేకొద్దీ ఈ ముప్పు పెరుగుతుందే గానీ తగ్గదు. గ్రామర్ తప్పయితే ఎవరో ఒకరు దిద్దుతారు, మర్యాద తప్పయితే ముఖం మీద చెప్పేవాళ్ళు తక్కువ, మెల్లగా దూరం జరుగుతారు. ఉద్యోగంలో చేరాక మొదటి ఆరు నెలల దాకా ప్రొబేషన్ ఉండొచ్చు. ఆ కాలంలో రెండు వారాల నోటీసుతో పంపించేయొచ్చు. ఇలాంటివి నేర్చుకోవడానికి అదా సమయం?

చాలా ఏళ్ళ కిందటి నా స్టూడెంట్ ఒకమ్మాయి వృద్ధాశ్రమంలో నర్సుగా చేరింది. బి2లో మంచి మార్కులు. మూడో రోజో నాలుగో రోజో పొద్దున్నే ఒక పెద్దావిడకి టిఫిన్ ట్రే తీసుకెళ్ళి, ప్రేమగా "ఓమా" అని పిలిచింది. ఓమా అంటే అమ్మమ్మ, నానమ్మ. మనకి అందులో తప్పేముంది? బస్సులో ముక్కూమొహం తెలియని ముసలావిడని కూడా "మామ్మగారూ, ఇలా కూర్చోండి" అంటాం. పేరు పెట్టి పిలిస్తేనే మనకి అమర్యాద. ఆవిడ మాత్రం చెంచా కింద పెట్టి, "నేను మీ ఓమాని కాను, నాకో పేరుంది" అంది. అక్కడ పేషెంటుని ఫ్రౌ (శ్రీమతి) అనో హెర్ (శ్రీ) అనో చేర్చి ఇంటిపేరుతో పిలవడమే గౌరవం. ఎనభై ఏళ్ళు బతికి, ఉద్యోగం చేసి, పిల్లల్ని పెంచిన మనిషిని "ఓమా" అంటే ఆ బతుకంతా తీసేసి ముసలితనం ఒక్కటే మిగిల్చినట్టు. మా అమ్మాయి ఆ రోజు బ్రేక్‌లో నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "మేడమ్, నేను గౌరవంగానే పిలిచాను" అని అదే మాట మళ్ళీ మళ్ళీ. ఆ బ్యాచ్‌కి నేను పరీక్ష తొందరలో గ్రామర్ తప్ప ఇంకేమీ చెప్పలేదు. ఆ తప్పు నాది. అప్పటినుంచి ఏ1 మొదటి వారంలోనే పిలుపులతో మొదలుపెడుతున్నాను.

పిలుపుల దగ్గర మనవాళ్ళకి ఇంకో ధీమా కూడా ఉంటుంది. "జర్మన్‌లో జీ అంటే మీరు, డూ అంటే నువ్వు. ఇంగ్లిష్ వాళ్ళకి కష్టం గానీ తెలుగువాళ్ళకి తేలికే" అని. సగమే నిజం. మా క్లాసులో మొదటి రోజు బోర్డు మీద ఒక్క ప్రశ్న రాస్తాను: మీ ఇంట్లో ఎవరెవరిని నువ్వంటారు, ఎవరెవరిని మీరంటారు? చాలా మంది అమ్మని నువ్వు, నాన్నని మీరు అంటారు. అత్తగారిని మీరు, ఆవిడ కోడల్ని నువ్వు. ఆఫీసులో మేనేజర్ నువ్వంటాడు, మనం సార్ మీరంటాం. అంటే మన దగ్గర మర్యాద వయసుని బట్టి, వరసని బట్టి ఒకవైపే నడుస్తుంది. జర్మన్‌లో చిన్నపిల్లలు కానివాళ్ళ మధ్య అది రెండువైపులా ఒకటే. అరవై ఏళ్ళ డాక్టర్ ఇరవై మూడేళ్ళ నర్సుని జీ అంటే, నర్సు కూడా జీ అంటుంది. ఇద్దరూ డూ అనుకుంటే ఇద్దరూ డూయే. సాధారణంగా వయసులోనో హోదాలోనో పెద్దవాళ్ళే ముందుగా "డూ అనుకుందామా" అని అడుగుతారు. ఇంట్లో మాత్రం అమ్మ, నాన్న, తాత అందరూ డూ.

ఇది తెలియక రెండు రకాల తప్పులు జరుగుతాయి. కొత్తగా వచ్చిన జూనియర్‌ని, చిన్నపిల్లే కదా అని డూ అనేస్తారు. వార్డ్ హెడ్ స్వయంగా "నన్ను డూ అను" అన్నా, మనవాళ్ళకి నోరు రాక నెలల తరబడి జీ అంటూనే ఉంటారు. ఆవిడేమో ఈ అమ్మాయికి నాతో కలవడం ఇష్టం లేదనుకుంటుంది. "మీరు" అనే మాటకి అర్థం నేర్పడం అయిదు నిమిషాల పని. ఎవరు ఎవరిని ఎప్పుడు అనాలో నేర్పడానికే నెలలు పడుతుంది. ఇందులో గ్రామర్ ఎక్కడ ఆగింది, కల్చర్ ఎక్కడ మొదలైంది? విడదీసి చూపించమంటే నాకే చేతకాదు.

ఇంకొకటి, అన్నిటికన్నా ప్రమాదమైనది: మన "ఆఁ".

డ్యూటీ మారేటప్పుడు ఒక షిఫ్ట్ నర్సు ఇంకో షిఫ్ట్ నర్సుకి పేషెంట్ల సంగతులు అప్పజెప్తుంది. దాన్ని ఉబర్‌గాబె అంటారు. నా క్లాసులో దీన్ని రోల్ ప్లేగా చేయిస్తాను. నేను మామూలు వేగంతో జర్మన్‌లో చెప్తాను: "మూడో గదిలో ఆయన పొద్దున్న సరిగ్గా తినలేదు. మధ్యాహ్నం ముందు షుగర్ చూసి, డాక్టర్‌కి చెప్పాకే ఇన్సులిన్. అర్థమైందా?" ఎదురుగా ఉన్న అమ్మాయి తల ఊపుతూ "యా, యా" అంటుంది. "ఏం చెప్పానో చెప్పు" అంటే నిశ్శబ్దం. ప్రతి బ్యాచ్‌లోనూ ఇదే జరుగుతుంది. ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. మనం పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే "ఆఁ, ఆఁ" అంటాం. దానికి అర్థం "వింటున్నాను, చెప్పండి" అని. మధ్యలో ఆపి "అర్థం కాలేదు" అంటే ఎదుటివాళ్ళని తప్పుపట్టినట్టు అవుతుందని చిన్నప్పటినుంచి బడిలో అలవాటైపోయింది. అక్కడ యా అంటే "అర్థమైంది, ఇక ఆ పని నాది" అని. ఆ తేడాకి వార్డులో ఒక మనిషి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే రెండు వాక్యాలు నోటికి వచ్చేదాకా వదలను. "నోహ్ ఐన్‌మాల్, బిట్టె", ఇంకోసారి చెప్పండి. "హాబె ఇష్ దస్ రిష్టిష్ ఫెర్‌ష్టాండెన్?", నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా? ఈ వాక్యాలు ఏ1 గ్రామర్‌తో కూడా అనొచ్చు. అడగడం తప్పు కాదు అన్న ధైర్యం రావడానికే టైం పడుతుంది.

నర్సులకి ముందే తెలియాల్సింది మరొకటి ఉంది. మన ఆసుపత్రుల్లో పేషెంటుకి ఒళ్ళు తుడవడం, తినిపించడం ఎక్కువగా అటెండరుగా ఉన్న ఇంటివాళ్ళే చూసుకుంటారు. అక్కడ పేషెంటు పక్కన ఇంటివాళ్ళు ఉండిపోవడం మామూలు కాదు, ఆ పనులన్నీ నర్సింగ్‌లో భాగం. "డిగ్రీ చేసి స్నానాలు చేయిస్తున్నానా" అని మొదటి నెలలోనే కుంగిపోయి తిరిగొచ్చేద్దామనుకున్నవాళ్ళు నాకు తెలుసు. ముందే తెలిసి వెళ్ళినవాళ్ళు అంత బాధపడలేదు. కన్సల్టెన్సీ వాళ్ళు జీతం అంకె చెప్తారు గానీ ఈ మాట చెప్పరు.

అపోహ: పరీక్షలో కల్చర్‌కి మార్కులుండవు.

జర్మన్ పరీక్షలు పెట్టే గోథె సంస్థ వాళ్ళ బి1 స్పీకింగ్ మాడ్యూల్ చూడండి. రెండో భాగంలో ఒక అంశం మీద చిన్న ప్రెజెంటేషన్ ఇవ్వాలి. అందులో ఒక స్లైడ్ ఏమడుగుతుందో తెలుసా? మీ దేశంలో ఈ విషయం ఎలా ఉంటుందో ఉదాహరణలతో చెప్పమని. గ్రామర్ మొత్తం బట్టీ పట్టినవాళ్ళు సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. మన ఇంటి సంగతి బయటివాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడం ఎవరూ నేర్పలేదు మరి. రైటింగ్‌లో మూడో ప్రశ్న దాదాపు 40 పదాల మర్యాదపూర్వకమైన ఈమెయిల్. దాన్ని "హలో" అని మొదలుపెట్టి డూతో రాస్తే వాక్యాలన్నీ కరెక్టయినా మార్కులు పోతాయి. ఒక్కో మాడ్యూల్‌లో పాస్ కావాలంటే వందకి 60 రావాలి. పోగొట్టుకోవడానికి మన దగ్గర అంత మిగులు ఉండదు.

అపోహ: కల్చర్ అంటే అక్టోబర్‌ఫెస్ట్, క్రిస్మస్ మార్కెట్, కేకులు.

అవీ చెప్తాం, ఒక గంటలో అయిపోతాయి. రోజూ అవసరమయ్యేది వేరు. "హాల్ప్ డ్రై" అంటే రెండున్నర. మనం రెండు దాటి అర అంటాం, వాళ్ళు మూడో గంటలో సగం అంటారు. మా కుర్రాడొకడు మూడున్నర అనుకుని గది చూడటానికి వెళ్తే, ఆ గది అప్పటికే ఇంకొకరికి ఖాయమైపోయింది. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసి ఉంటాయి, కాబట్టి శనివారమే బియ్యం తెచ్చుకోవాలి. ఎవరైనా కేకు ఇవ్వబోతే ఊరికే "డాంకె" (థాంక్స్) అంటే వద్దని అర్థం చేసుకుంటారు. మనలాగా "మొహమాటపడకండి" అని రెండోసారి అడగరు. మొహమాటం అనే మాటకి సరిపోయే జర్మన్ మాట ఇన్నేళ్ళలో నాకు దొరకలేదు. కావాలంటే మొదటిసారే "యా, గెర్నె" (ఆ, సంతోషంగా) అనండి.

అపోహ: జర్మన్లందరూ ఒకే రకం. స్ట్రిక్టు, టైమంటే టైమే.

యూట్యూబ్ వీడియోల పుణ్యం ఇది. 2024లో జర్మన్ రైల్వే వాళ్ళ దూరప్రాంతపు రైళ్ళలో టైముకి వచ్చినవి 62.5 శాతమే, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోకుండా. ఉత్తరాన పలకరింపు "మోయిన్", బవేరియాలో "గ్రూస్ గాట్". ఆస్ట్రియాలో, స్విట్జర్లాండ్‌లో మాట్లాడేదీ జర్మనే. జర్మన్ అంటే ఒక్క జర్మనీయే కాదని ఆ దేశాల టీచర్లు కలిసి 1990లోనే సూత్రాలు రాసుకున్నారు. "వాళ్ళంతా ఇలా ఉంటారు" అని జాబితా బట్టీ పట్టించే క్లాసుకి డబ్బు కట్టకండి.

అపోహ: జర్మన్ దేశస్థులు చెప్తేనే కల్చర్ వస్తుంది.

వాళ్ళు బాగా చెప్తారు, కాదనను. కానీ "ఓమా" అని ఎందుకు నోటికొస్తుందో, "ఆఁ" ఎందుకు అంటామో వాళ్ళకి తెలియదు. రెండు వైపులా చూసిన టీచర్ ఏ ఊరివారైనా ఫరవాలేదు.

అపోహ: కల్చర్ క్లాసులకి పంపితే పిల్లలు మారిపోతారు.

ఇది ఎక్కువగా తల్లులు అడుగుతారు, గొంతు తగ్గించి. అమ్మా, మీ అమ్మాయిని జర్మన్ మనిషిని చేయడం నా పని కాదు. భాషా బోధనలో పెద్ద పేరున్న మైఖేల్ బైరమ్ 1997లోనే ఈ సంగతి తేల్చారు: విదేశీ భాష నేర్చుకునేవాళ్ళు అచ్చం ఆ దేశం వాళ్ళలా తయారు కానక్కర్లేదు, రెండు పద్ధతుల మధ్య నిలబడి ఒకరికొకరిని అర్థమయ్యేలా చేయగలిగితే చాలు. పెద్దవాళ్ళని పేరుతో పిలవడానికి జంకుతున్న అమ్మాయికి నేను ఆ జంకు తప్పని చెప్పను. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మామ్మగారూ అనమంటాను, వార్డులో ఫ్రౌ అనమంటాను.

ఇక ఆ నాన్నగారి అసలు టెన్షన్ గురించి. బి2 దాకా రావడానికి గోథె సంస్థ వాళ్ళ అంచనా 45 నిమిషాల క్లాసులు 600 నుంచి 800. మూడు నెలల్లో అయిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. కల్చర్ క్లాసు తీసేసినా ఆ లెక్క తగ్గదు, ఎందుకంటే ఆ క్లాసులో కూడా మేం చేసేది జర్మన్ మాట్లాడటమే. కొత్త చోట చేర్పించే ముందు ఒక్కటి అడగండి: "మీ క్లాసులో పిల్లలు ఎంతసేపు మాట్లాడతారు?" వర్క్‌షీట్లు చూపిస్తే బయటికి వచ్చేయండి.

మొన్న గురువారం ఆ అమ్మాయే ఉబర్‌గాబె రోల్ ప్లేకి వచ్చింది. నేను సగం చెప్పేసరికి చెయ్యి ఎత్తి, "నోహ్ ఐన్‌మాల్, బిట్టె" అంది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ ఆపింది. మూడోసారికి గది నంబరు, షుగర్, డాక్టర్, ఇన్సులిన్ అన్నీ వరసగా తిరిగి చెప్పి కూర్చుంది. సాయంత్రం వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేసి ఆ సంగతే చెప్పాను.