"నీటికి ఛార్జ్ ఏంటండీ?": అపోహలు, వాస్తవాలు

నీటిలో గాలి బుడగల మీద విద్యుదావేశం కొలవడం నా పని. ఆ మాట చెప్పగానే నాకు ఎదురయ్యేవి ఇవే.

అపోహ: నీటి అణువు తటస్థం, కాబట్టి నీటి ఉపరితలమూ తటస్థమే.

వాస్తవం: శుభ్రమైన నీటిలో సన్నటి బుడగను వదిలి, అటూ ఇటూ ఎలక్ట్రోడ్లు పెట్టి మైక్రోస్కోపులో చూడండి. బుడగ పైకి తేలుతూనే ధన ధ్రువం వైపు జరుగుతుంది. అంటే దాని అంచున రుణావేశం ఉన్నట్టే. యాసిడ్ కలుపుతూ పోతే ఆ నడక మందగించి, పీహెచ్ 3 ప్రాంతంలో దాదాపు ఆగిపోతుంది. అందుకే చాలామంది అనుమానం హైడ్రాక్సైడ్ అయాన్ల మీద (నీటి అణువు విడిపోతే వచ్చే రుణావేశపు ముక్కలు; యాసిడ్ కలిపితే తగ్గేవి ఇవే). చిక్కేమిటంటే, 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్వచ్ఛమైన నీటిలో సుమారు 55 కోట్ల అణువులకు ఒక్క హైడ్రాక్సైడే ఉంటుంది. అంత కొద్ది సరుకుతో ఇదంతా సాధ్యమా, ఇది మలినాల పనేమో అంటుంది ఇంకో వర్గం. లేజర్‌తో పై పొరను పరిశీలించే కొందరేమో అక్కడ ధనావేశమున్న హైడ్రోనియం అయాన్లు పోగవుతున్నాయంటారు. తగువు ఇంకా తెగలేదు.

నేనైతే మలినాలను తేలిగ్గా తీసుకోను. ఒకరోజు పొద్దున్నే బుడగలన్నీ రుణ ధ్రువం వైపు పరుగెత్తాయి. అరగంట తల పట్టుకున్నాక తెలిసింది, ముందురోజు ధనావేశపు సర్ఫాక్టెంట్ (సబ్బులా ఉపరితలానికి అంటుకునే పదార్థం) పోసిన గాజు సెల్‌ని సరిగా కడగలేదని. కడిగింది నేనే.

అపోహ: తల దువ్విన దువ్వెన దగ్గర పెడితే నీటిధార వంగేది నీటి అణువుల ధ్రువత్వం వల్లే.

వాస్తవం: బడిలో ఇలాగే చెబుతారు. ధ్రువత్వం నిజమే కానీ దాని వాటా చిన్నది. దువ్వెన మీది ఆవేశం, దానికి వ్యతిరేక ఆవేశమున్న అయాన్లను ధారలోకి లాగుతుంది. తెగిపడే చుక్కలు ఆ ఆవేశంతోనే పోతాయి. 1867లో భౌతిక శాస్త్రవేత్త కెల్విన్ ఈ కిటుకుతోనే, రాలే నీటి చుక్కల నుంచి నిప్పురవ్వలు పుట్టించే పరికరం చేశాడు.

అపోహ: జలపాతం దగ్గర నీరు కొత్తగా రుణావేశాన్ని తయారుచేస్తుంది.

వాస్తవం: తయారీ ఏమీ లేదు, పంపకమే. సన్నటి తుంపర రుణావేశంతో గాలిలోకి పోతే, పెద్ద చుక్కలకు ధనావేశం మిగులుతుంది. భౌతిక శాస్త్రవేత్త లెనార్డ్ దీన్ని 1892లోనే చూపించాడు.

అపోహ: డిస్టిల్డ్ వాటర్ వాడితే ఈ ఆవేశం బెడదే ఉండదు.

వాస్తవం: ఇంకా ఎక్కువే. లీటరుకు 0.1 మోల్ ఉప్పున్న నీటిలో ఎదురు అయాన్లు ఒక నానోమీటరు దూరంలోనే ఉపరితల ఆవేశాన్ని కప్పేస్తాయి. స్వచ్ఛమైన నీటిలో ఆ దూరం దాదాపు ఒక మైక్రోమీటరు, అంటే ఆవేశం ప్రభావం సుమారు వెయ్యి రెట్లు దూరం పాకుతుంది. పైగా ప్లాస్టిక్ పిపెట్ (ద్రవాన్ని కొలిచి వదిలే గొట్టం) మొనను వదిలే చుక్క కూడా కొంత ఆవేశాన్ని వెంట తెచ్చుకుంటుంది. కింద ఛార్జ్ ఎక్కిన, చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటు ఉందా, చిన్న చుక్క మీరు గురిపెట్టిన గుంటలో పడకుండా పక్కకు జరుగుతుంది.